షార్కూటరీ బోర్డు సరే, మన కరువు సీమ పళ్ళెం సంగతేంటి?

రీల్స్‌లో ఈ బోర్డు మీకు కనిపించే ఉంటుంది. ఒక చెక్క పలక. దాని మీద పల్చగా కోసిన మాంసం ముక్కలు, చీజ్, ద్రాక్ష, బాదం, మధ్యలో చిన్న గిన్నెలో తేనె. దాని పేరు షార్కూటరీ బోర్డు. ఇంటికి ఫ్రెండ్స్ వస్తే ఇది పెట్టడం ఇప్పుడు ఫ్యాషన్. దీని చరిత్ర కొంచెం చూసి, అక్కడి నుంచి నేరుగా మన కళ్యాణదుర్గం వద్దాం. రెండింటికీ సంబంధం ఏంటి అంటారా? ఉంది, వినండి.

ముందు పేరు సంగతి. ఆ ఫ్రెంచి మాటకి మూలం ‘వండిన మాంసం’. 15వ శతాబ్దానికే పారిస్‌లో పంది మాంసం వండి, ఉప్పు పట్టించి అమ్మేవాళ్ళకి సొంత వృత్తి సంఘం ఉంది. అప్పుడు ఫ్రిజ్ లేదు కదా. చలికాలం ముందు ఒక పందిని కోస్తే ఆ మాంసం నెలల తరబడి రావాలి. ఉప్పు మాంసంలో నీటిని లాగేస్తుంది. నీళ్ళు లేకపోతే బ్యాక్టీరియా పెరగలేదు. అంతే సైన్స్. అంటే ఈరోజు స్టైల్‌గా కనిపించే ఆ ముక్క, ఒకప్పుడు ఆకలికి భయపడి దాచుకున్న తిండి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో బ్యాకప్ అనమాట. చుట్టం వస్తే ఆ బ్యాకప్ లోంచే తీసి పెట్టేవాళ్ళు.

మరి మన దగ్గర? 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ రాశాడు. అందులో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం పెడతాడో లెక్కగా చెప్తాడు. ఎండాకాలంలో మజ్జిగ, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్ళు. చలికాలంలో మిరియాల పొడి వేసిన వేడి కూరలు, ఊరగాయలు. వానాకాలంలో అన్నం, పప్పు, నెయ్యి, పెరుగుతో పాటు వడియాలు, వరుగులు. వానాకాలం మెనూ గమనించండి. వడియం, వరుగు రెండూ ఎండాకాలంలో ఎండబెట్టి దాచినవే. అంత పెద్ద రాజు కూడా అతిథి మర్యాద గురించి రాస్తూ, దాచుకున్న తిండిని పళ్ళెంలో పెట్టాడు.

ఇప్పుడు కళ్యాణదుర్గం. మన అనంతపురం వైపు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. 1876-78 కరువు సంగతి తెలుసు కదా, ధాత కరువు అంటారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో విడిపోయింది. ఆ కరువులో దక్షిణాదిలో లక్షల మంది చనిపోయారు. కరువు పనులకి వచ్చిన మగమనిషికి బ్రిటిష్ వాళ్ళు ఒక దశలో ఇచ్చిన కూలి ఎంతో తెలుసా? రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి అది!

ఇలాంటి నేల మీద బతికినోళ్ళకి దాచుకోవడం సరదా కాదు. మటిక్కాయల ఒరుగులు, మజ్జిగలో ఊరేసి ఎండబెట్టిన మిరపకాయలు, వడియాలు, చింతపండు, ఉలవలు, కొర్రలు... ప్రతి ఇంట్లో ఇదే బ్యాకప్. మాంసం కూడా ఎండబెట్టారు. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేస్తే అవే ఉప్పుకండలు. దళితవాడల్లో గొడ్డు మాంసాన్ని అలా ఎండబెడితే తునకలు. టెక్నిక్ ప్రకారం చూస్తే పారిస్‌లో చేసిందీ, ఇక్కడ చేసిందీ ఒకటే పని.

కానీ తేడా ఎక్కడ? ఫ్రాన్స్‌లో ఆ మాంసం బోర్డు ఎక్కింది. మన దగ్గర తునకలు కులం పేరుతో దాచిపెట్టాల్సిన తిండి అయ్యాయి. పై కులపోళ్ళ ముందు వాటి పేరెత్తడానికే జంకాల్సి వచ్చింది. అదే ఎండు మాంసం, ఇటలీ పేరుతో ప్యాకెట్‌లో వస్తే ఫొటో తీసి స్టోరీ పెడతాం. ఇక్కడ రుచి కాదు, ఎవరు తిన్నారు అనేదే విలువ కట్టింది. ఇది మనం ఒప్పుకోవాలి.

తర్వాత ఇంకో మార్పు. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టిన శెనక్కాయ 20వ శతాబ్దంలో మన చేలన్నీ ఆక్రమించింది. కొర్ర, సజ్జ, ఆరిక వెనక్కి పోయాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చింది. పేదోళ్ళ ఆకలి తీర్చిన పథకం, దాన్ని తక్కువ చేయలేం. కాకపోతే అప్పటికే వరన్నం అంటే గొప్ప, సంగటి అంటే పేదరికం అనే లెక్క ఉంది, అది ఇంకా గట్టిపడింది. చుట్టాలొస్తే జొన్నరొట్టె పెట్టడం నామోషీ అయిపోయింది. ఇప్పుడేమో అవే చిరుధాన్యాలు సూపర్‌మార్కెట్‌లో సన్న బియ్యం కంటే ఎక్కువ రేటు! 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ లాంటివాళ్ళు చెన్నేకొత్తపల్లి వైపు రైతులతో మళ్ళీ వీటిని పండిస్తున్నారు.

సరే, మరి మన బోర్డు ఎలా పేర్చాలి? చెక్క పలక కొనక్కర్లేదు. మోదుగాకు విస్తరి చాలు. మధ్యలో ఊరిబిండి గిన్నె. చుట్టూ ముక్కలుగా తుంచిన జొన్నరొట్టె. ఒక పక్క వేయించిన శెనక్కాయలు, బొరుగులు. ఇంకో పక్క వేయించిన ఒరుగులు, మజ్జిగ మిరపకాయలు. తినేవాళ్ళుంటే ఉప్పుకండలు గానీ తునకలు గానీ నూనెలో వేయించి పెట్టండి. తీపికి బెల్లం ముక్క, లేదా ఓళిగ నాలుగు ముక్కలు. కరకరలాడేవి తడి వాటికి ఆనకుండా చూడండి, మెత్తబడతాయి. తెలుపు, ఎరుపు, గోధుమ రంగులు పక్కపక్కన పడితే అందం దానంతటదే వస్తుంది.

ఎవరైనా ‘ఇదేంటి’ అని అడిగితే పేరు చెప్పి ఊరుకోకండి. అది ఏ కరువు నుంచి, ఎవరి ఇంటి నుంచి వచ్చిందో కూడా చెప్పండి. మీ అవ్వనో జేజినో అడిగి, మీ ఇంట్లో ఏం ఎండబెట్టి దాచేవాళ్ళో కామెంట్‌లో రాయండి. వాళ్ళు ఉన్నప్పుడే అడగాలి ఫ్రెండ్స్. ఉంటా మరి.