గుత్త నుంచి మీసేవ దాకా

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మకి ఆదాయం సర్టిఫికెట్ కావాలంటే ఉప్పునుంతలలో మీసేవకి వెళ్లాం. కౌంటర్లో కుర్రాడు సర్కారు ఉద్యోగి కాదు, ఒక్కో అప్లికేషన్‌కి ఇంతని కమీషన్. ఆఫీసులో రోజూ ఫిక్స్‌డ్ బిడ్డా, రెవెన్యూ షేరా అని కొట్టుకుంటాం కదా, ఇక్కడా అదే కథ!

అవుట్‌సోర్సింగ్ వైటూకేతో పుట్టిందని మనలో చాలామంది అనుకుంటాం. మా పాలమూరు వైపు అది తాతల నాటిది. పేరు గుత్త. పేపర్లు ఇప్పటికీ కాంట్రాక్టరుని గుత్తేదారు అనే రాస్తాయి, గమనించారా?

నిజాం రాజ్యంలో రెండు మోడళ్లు నడిచాయి. గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలు ఏటా పేష్కష్ కట్టి, పాలన తామే చూసుకునేవి. అంటే ఫిక్స్‌డ్ ప్రైస్. సర్కారు భూముల్లో శిస్తు వసూలు మాత్రం తాలూక్‌దార్ల చేతికి పోయింది. వీళ్లు అధికారులు కాదు, గుత్తేదార్లు. వసూలు ఖర్చు కింద రూపాయికి రెండణాలు, అంటే పన్నెండున్నర శాతం, వాళ్లది.

కాగితం మీద చూస్తే మంచి డీలే. మన కంపెనీల మార్జిన్లతో పోలిస్తే అత్యాశ అని కూడా అనలేం. తిరకాసు ఎక్కడంటే, రైతు దగ్గర అసలెంత వసూలైందో చూసే లెక్క సర్కారు దగ్గర లేదు. తాలూక్‌దారు పిండినంత పిండాడు, ఖజానాకి చేరింది కొంచెమే. చందూలాల్ మంత్రాంగం 1843లో ముగిసేసరికే ఖజానా అప్పుల్లో ఉంది. అప్పులిచ్చిన సాహుకార్లకి, అరబ్ జమాదార్లకి తాలూకాలే తాకట్టు. జీతాలకి డబ్బు వాళ్లే ఇవ్వాలి, మరి వాళ్లని తీసేసేదెలా? వెండర్ లాక్-ఇన్ అంటే ఇదే బాసూ.

1853లో సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు. అప్పటికి వయసు 24, నాకంటే చిన్నోడు! అప్పులు తీర్చుకుంటూ ఒక్కో తాలూకా విడిపించాడు, వసూలుకి జీతగాళ్లని పెట్టాడు. 1860ల్లో జిల్లాలు ఏర్పడ్డాయి. తమాషా ఏంటంటే, జిల్లా కలెక్టరుకి పెట్టిన పేరు అవ్వల్ తాలూక్‌దార్. పాత కాంట్రాక్టరు పదవి పేరే పర్మనెంట్ ఉద్యోగానికి!

అలాగని అన్నీ సర్కారే చెయ్యాలని నేననను. 2001లో ఈసేవ వచ్చినప్పుడు కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ ప్రైవేటు కంపెనీలవి, వాటికి డబ్బు లావాదేవీల లెక్కన. 2011లో మొదలైన మీసేవదీ అదే దారి. తేడా అల్లా, ప్రతి లావాదేవీ సర్కారు సర్వర్లో కనిపిస్తుంది. అమ్మ చేతికొచ్చిన రశీదు మీద ఎంత కట్టిందో అచ్చయి ఉంది. శాతం ఎంతన్నది కాదండీ, లెక్క ఎవరి దగ్గరుందన్నదే నాకు ముఖ్యంగా అనిపిస్తుంది.

ఇంకోటి, భాగస్వామి మునిగితే ఏంటి? 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న ఈఎంఆర్ఐ కింద మొదలయ్యాయి, వెనకున్నది సత్యం రామలింగరాజు. తర్వాత నడిపే ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే పెట్టేది. 2009 జనవరి 7న ఆయన లేఖ బయటపడినప్పుడు మన ఫీల్డులో ఎంత గగ్గోలైందో సీనియర్లని అడగండి. అంబులెన్సులు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఏడాదే భాగస్వామిగా జీవీకే వచ్చింది. ఫోన్ చేసేవాడికి నంబరు కూడా మారలేదు.