కొట్టిన చేయి, కొట్టుమన్న నోరు

1986వ సంవత్సరము నవంబరు 23వ తేదీన షికాగో నగరమందలి సోల్జర్ ఫీల్డ్ అను క్రీడాప్రాంగణమున గ్రీన్ బే ప్యాకర్స్ జట్టువాడైన చార్లెస్ మార్టిన్ నడుమున ఒక తువాలు వ్రేలాడదీసికొని బరిలోనికి దిగెను. ఆ తువాలుమీద ఐదు సంఖ్యలు వ్రాసియుండెను. అవి ప్రత్యర్థులైన షికాగో బేర్స్ జట్టులోని ఐదుగురు ఆటగాండ్ర చొక్కాలమీది అంకెలు. వానిలో 9 అను అంకె ధరించినవాడు జిమ్ మెక్‌మాన్, అంతకుముందటి సీజనులో ఆ జట్టును విజేతగా నిలిపిన క్వార్టర్‌బాక్, అనగా బంతి ఎటు పోవలెనో, ఎవరికి అందవలెనో నిర్ణయించు దళనాయకుడు. మెక్‌మాన్ విసరిన బంతి ఎదుటివారి చేతికి చిక్కి, అతని పని ముగిసి, అతడు ఏమరుపాటున ఉన్న సమయమున మార్టిన్ వెనుకనుండి వచ్చి, వానిని పట్టి యెత్తి, భుజము నేలకు తగులునట్లు పడవైచెను. రిఫరీ మార్టిన్‌ను ఆటనుండి వెడలగొట్టెను; లీగు కమిషనరు పీట్ రోజెల్ రెండు ఆటల నిషేధము విధించెను. మైదానమున చేసిన చేష్టకు ఒకటికి మించిన ఆటల నిషేధము ఆధునిక కాలమున అదియే ప్రథమమని చెప్పుదురు. మెక్‌మాన్‌కు మాత్రము ఆ యేటి ఆట అంతటితో సరి.

ఇచ్చట ఫుట్‌బాల్ అనగా హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, రహీం సాహెబు శిక్షణను తలచుకొను మన పెద్దలెరిగిన ఆట కాదు. ఇది అమెరికా దేశపు ఫుట్‌బాల్; డల్లాసులోను, న్యూజెర్సీలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలు ఆదివారములందు టెలివిజను ముందు కూర్చుండి చూచు ఆట. శిరస్త్రాణములను, భుజకవచములను ధరించిన పదునొకండుగురు, అట్టివారే యగు పదునొకండుగురిని ఢీకొని నేలగూల్తురు. ఇందు కూల్చుట నేరము కాదు, విధి. కూల్చుటకును గాయపరచుటకును నడుమ గీత యెచ్చట గీయవలెనను ప్రశ్న యీ ఆటతోడనే పుట్టి, నూరేండ్లు గడచినను తీరక మిగిలినది.

1905 అక్టోబరు 9వ తేదీన అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డు, యేలు, ప్రిన్‌స్టను విశ్వవిద్యాలయముల ప్రతినిధులను శ్వేతభవనమునకు పిలిపించి, ఆటను సంస్కరింపుడని కోరెను. ఐనను ఆ సీజను ముగియులోపల ఆటలో ప్రాణములు కోల్పోయినవారి సంఖ్య 18కి చేరెనని నాటి పత్రికలు లెక్కగట్టినవి. మరుసటి యేడు బంతిని ముందునకు విసరుట నియమసమ్మతమైనది. గుంపులు గుంపులుగా త్రొక్కుకొనుట దానివలన కొంత తగ్గినది. నాటి సంస్కర్తలు ఆట స్వరూపమును మార్చిరి గాని, ఫలానివానిని పడగొట్టవలెనని మనసున నిశ్చయించుకొని వచ్చినవానిని ఏమి చేయవలెనన్నది వారు తేల్చినది కాదు.

తేల్చకుండుటచేత కలిగిన అన్యాయమునకు 1951వ సంవత్సరమున స్టిల్‌వాటరు పట్టణమున జరిగినదానిని మించిన నిదర్శనము నాకు కానరాదు. అది వృత్తి ఆటగాండ్ర పోటీ కాదు, కళాశాలల పోటీ. అయినను చెప్పక దాటరానిది. డ్రేక్ విశ్వవిద్యాలయపు జట్టులో జానీ బ్రైట్ అను నల్లజాతి యువకుడు దేశములోని అగ్రశ్రేణి ఆటగాండ్రలో ఒకడుగా వెలుగొందుచుండెను. ఓక్లహోమా ఏ అండ్ ఎం కళాశాలతో అక్టోబరు 20వ తేదీన జరుగనున్న ఆటలో బ్రైట్ చివరివరకు నిలువడను మాట ఆ యూర ముందే ప్రచారమందుండెను. ఆట మొదలైన ఏడు నిమిషములలోపల విల్‌బాంక్స్ స్మిత్ అను ఆటగాడు, బంతి వేరొకచోట నుండగనే, బ్రైట్‌ను మూడుమార్లు స్పృహ తప్పునట్లు కొట్టెను. బ్రైట్ దవడ ఎముక విరిగెను. డెమాయిన్ రిజిస్టరు పత్రిక ఛాయాచిత్రకారులు డాన్ అల్టాంగ్, జాన్ రాబిన్‌సన్ అను నిరువురు ఆ దృశ్యమును వరుస చిత్రములుగా పట్టి, మరుసటి యేడు పులిట్జరు బహుమానము నందుకొనిరి. లోకమంతయు ఆ చిత్రములను చూచినది. స్మిత్‌కు మాత్రము ఒక్క ఆట నిషేధమైనను పడలేదు. ఆ కళాశాలలు చేరియున్న కాన్ఫరెన్సు, అనగా పోటీల కూటమి, అధికారులు కదలకపోగా డ్రేక్ విశ్వవిద్యాలయము ఆ కూటమినుండి తొలగిపోయెను. ఆ కళాశాలయే తరువాత ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయమై, 2005లో లేఖాముఖమున క్షమాపణ చెప్పెను. బ్రైట్ 1983లోనే మరణించియుండెను. కంటికెదుట నున్న తప్పును దండింపనొల్లని సంస్థ, యేబది యేండ్లకు పిమ్మట వ్రాసిన లేఖ యెంత వినయపూర్వకమైనను, ఆ దండనకు బదులు కాజాలదు.

మరల వృత్తి ఆటకు వచ్చినచో, 1989లో కృతజ్ఞతాదినమున డల్లాసు జట్టు మైదానమున జరిగిన ఆట తరువాత మరొక తీరు ఆరోపణ పుట్టెను. ఫిలడెల్ఫియా ఈగిల్స్ శిక్షకుడు బడ్డీ రయాన్ డల్లాసు జట్టులోని లూయిస్ జెండెహాస్, ట్రాయ్ ఐక్‌మన్ అను నిరువురి తలలకు వెలగట్టెనని డల్లాసు శిక్షకుడు జిమ్మీ జాన్‌సన్ బహిరంగముగా నిందించెను. రయాన్ కాదనెను. లీగు విచారించి, ఎవరిని దండింపక విడిచెను. నాడు కమిషనరు పదవికి క్రొత్తగా వచ్చిన పాల్ టాగ్లియాబూ పేరును చదువరులు గుర్తుంచుకొనవలెను.

ఇక న్యూ ఆర్లియన్స్ వృత్తాంతము. 2005 నాటి కత్రీనా తుపానులో మునిగిన ఆ నగరమునకు దాని సెయింట్స్ జట్టు 2010 ఫిబ్రవరిలో గెలిచిన సూపర్ బౌల్ అను ఛాంపియన్‌షిప్ పోటీ ఎంతటి యూరట కలిగించెనో మాటలతో చెప్ప నలవికాదు. ఆ విజయపు వెనుక దాగిన దానిని లీగు 2012 మార్చి 2వ తేదీన వెల్లడించెను: రక్షణదళ శిక్షకుడు గ్రెగ్ విలియమ్స్ నిర్వహణలో మూడు సీజనులపాటు ఒక నిధి నడచెననియు, ఇరువదిమందికి పైగా ఆటగాండ్రు అందు పాల్గొనిరనియు, ప్రత్యర్థి మరల ఆటలోనికి రాలేకపోయినచో 1,500 డాలర్లు, ఇతరులు మోసికొని పోవలసివచ్చినచో 1,000 డాలర్లు అందు ముట్టుచుండెననియు ఆ ప్రకటన సారాంశము. అంతిమ పోటీలలో ఆ మొత్తములు రెట్టింపో, మూడింతలో అగుచుండెను. మిన్నెసోటా జట్టు దళనాయకుడు బ్రెట్ ఫావ్రును ఆటనుండి తొలగించినవానికి 10,000 డాలర్లిత్తునని జోనాథన్ విల్మా అను ఆటగాడు పలికెనని ఒక అభియోగము. విల్మా దానిని తుదివరకు నిరాకరించెను. నలువదియేండ్ల ఫావ్రు 2010 జనవరి 24వ తేదీన సెయింట్స్‌తో జరిగిన పోటీలో దెబ్బపై దెబ్బ తిని, చీలమండ గాయముతోడనే కుంటుచు ఆడి, యోడిపోయెను. 2012 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో జట్టుతో ఆటకు ముందు విలియమ్స్ చేసిన ప్రసంగపు ధ్వనిముద్రణ ఆ యేటి ఏప్రిలులో బయటపడెను. ఒకని తలకు పూర్వము తగిలిన దెబ్బలను, ఇంకొకని మోకాటిని ఆయన పేరుపేరున గురిగా చూపెను.

మార్చి 21వ తేదీన కమిషనరు రోజర్ గుడెల్ ప్రధాన శిక్షకుడు షాన్ పేటన్‌ను సీజను మొత్తమునకు, విలియమ్స్‌ను నిరవధికముగా నిషేధించెను. జట్టుపై 5,00,000 డాలర్ల జరిమానా వేసెను. మే 2వ తేదీన ఆటగాండ్ర వంతు వచ్చెను: విల్మాకు సీజను మొత్తము, ఆంథొనీ హార్‌గ్రోవ్‌కు 8 ఆటలు, విల్ స్మిత్‌కు 4, స్కాట్ ఫుజీటాకు 3.

భారతమున శల్యపర్వమందలి గదాయుద్ధ ఘట్టమిచ్చట మనసునకు తోచుచున్నది. ధర్మమార్గమున పోరిన భీముడు గెలువడని కృష్ణుడు పలుకగా, అర్జునుడు తన తొడ చరచి సంజ్ఞ చేసెను. భీముడు దుర్యోధనుని ఊరువులు విరుగగొట్టెను. బలరాముడు నాగలి యెత్తినది భీముని మీదికే గాని, పలికినవాని మీదికిని కాదు, సంజ్ఞ చేసినవాని మీదికిని కాదు. కొట్టిన చేయి కనబడును. కొట్టుమన్న నోరు కనబడదు. గుడెల్ ఆ నోటిని పట్టుట, ఒక ప్రధాన శిక్షకుని సంవత్సరకాలము ఇంట కూర్చుండబెట్టుట, ఆ లీగు ఆధునిక చరిత్రలో అంతకుముందెన్నడును జరుగని పని. అది న్యాయమనియే నా దృఢాభిప్రాయము. శిక్షకుని మాటను కాదన్న ఆటగాడు మరునాడు జట్టులో ఉండుట దుర్లభము. అతని ఒప్పందములో పెక్కు భాగమునకు పూచీ లేదు. అతని వృత్తిజీవితము కొలది యేండ్లది.

కాని యెదుటివాని వృత్తిజీవితమును అంతియే కదా! మోకాలు విరిగినవానికిని భార్యాపిల్లలు కలరు, అతడును ఆ కొలది యేండ్లలోనే ఆర్జింపవలసినవాడు. కావున ఆజ్ఞాపించిరి, చేసితినను సమాధానముతో ఆటగాడు పూర్తిగా తప్పించుకొనరాదు. ఉద్దేశపూర్వకముగా గాయపరచినవానిని ఆటకు దూరముగా నుంచుట, జరిమానాకంటె తగిన శిక్ష. కోట్లు గడించువానికి డబ్బుదండుగ నొప్పి కలిగింపదు. 2006లో ప్రత్యర్థియైన ఆండ్రీ గురోడ్ ముఖమును బూటుకాలితో త్రొక్కిన ఆల్బర్ట్ హేన్స్‌వర్త్‌కు ఐదు ఆటల నిషేధము పడినప్పుడు దానిని అన్యాయమన్నవారు లేకుండుటకు కారణము, ఆ చేష్టను లక్షలమంది కన్నులార చూచియుండుటయే. విల్మా, హార్‌గ్రోవ్‌ల విషయమున అట్టి చేష్ట యేదియు చూపబడలేదు. గదిలో పలికిన మాటలు, జట్టును విడిచిపోయిన ఉద్యోగుల సాక్ష్యములు ప్రధానాధారము. అంతకుమించి, అభియోగము మోపినవాడును, తీర్పు చెప్పినవాడును, అప్పీలు వినువాడును ఒక్క గుడెలే. ఆటగాండ్ర సంఘము వారు చేసిన ఆక్రోశములో నాకు మిక్కిలి సత్యముగా తోచినదిదియే.

సెప్టెంబరు 7వ తేదీన అప్పీలు మండలి అధికారపరిధి ప్రశ్నపై ఆ నిషేధములను పక్కకు పెట్టగా, గుడెల్ అక్టోబరులో కొంత తగ్గించి మరల విధించెను. పిమ్మట తుది అప్పీలు వినుటకు తన పూర్వాధికారినే నియమించెను. ఇరువదిమూడేండ్లక్రిందట డల్లాసు ఆరోపణ నాటి కమిషనరు పాల్ టాగ్లియాబూ ఇట్లు మరల రంగమునకు వచ్చెను. డిసెంబరు 11వ తేదీన ఆయన యిచ్చిన తీర్పులో, గుడెల్ కనుగొన్న వాస్తవములను చాలవరకు ఒప్పుకొనుచునే, ఆటగాండ్ర నిషేధములనన్నిటిని రద్దుచేసెను. దోషము ప్రధానముగ శిక్షకులదియు, జట్టు యాజమాన్యముదియు అనెను. విచారణకర్తల యెదుట హార్‌గ్రోవ్ నిజము దాచెనన్న అభియోగమును పరిశీలించుచు, శిక్షకుల యాదేశము మేరకే అతడట్లు చేసెనని గుర్తించి, ఒక దృష్టాంతమును చూపెను. 2010లో వేరొక వ్యవహారమున లీగు విచారణకు సహకరింపని ఫావ్రుకు 50,000 డాలర్ల జరిమానా మాత్రము పడినది, నిషేధము పడలేదు. ఒకే తప్పునకు ప్రసిద్ధునికొక కొలత, సామాన్యునికొక కొలత కూడదని దాని తాత్పర్యము.

ఆ తీర్పు నాకు ముక్కాలుపాలు సమ్మతము. నిధిలో చేరినవారికందరికిని ఒకటి రెండు ఆటల నిషేధమును, సాక్ష్యములను వారి యెదుట పరచి, తటస్థుడైన మధ్యవర్తి చేత విధింపజేసియున్నచో, దెబ్బతిన్నవారికిని ఒక సమాధానము దొరకియుండెడిది. నలుగురిని ఏరి భారీశిక్ష వేయుటయు, తరువాత ఎవరికిని ఏమియు లేదనుటయు రెండును వారికి న్యాయము చేయలేకపోయినవి.

2013 జనవరిలో పేటన్ తన పదవికి మరలివచ్చెను. ఫిబ్రవరిలో విలియమ్స్ నిషేధము తొలగినది. టెన్నెసీ జట్టు ఆయనకు వెంటనే కొలువిచ్చినది. హార్‌గ్రోవ్‌ను గ్రీన్ బే జట్టు 2012 ఆగస్టులోనే, అప్పీలు నడచుచుండగనే విడిచిపెట్టియుండెను. రద్దయిన నిషేధము అతనికి ఆ సీజనును తిరిగి ఇయ్యలేదు.