వాళ్ళు ఈ నేలమీద నడిచారు

రాక్ సంగీతంలో పునరాగమనం అనేది ఎప్పుడో స్థిరపడిపోయిన కథ. డెబ్భైలలో పేరు తెచ్చుకున్న బృందం, మధ్యలో తగాదాలు, విడిపోవడాలు, చివరికి మళ్ళీ కలిసి ఒక కొత్త ఆల్బం. డీప్ పర్పుల్ బృందంలోని ఐదుగురు పాతకాపులు 1984లో మళ్ళీ కలిసి 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' తెచ్చారు. ఏసీ/డీసీ ఎనిమిదేళ్ళ విరామం తర్వాత 2008లో 'బ్లాక్ ఐస్'తో వచ్చింది. బ్లాక్ సాబత్ 2013లో తెచ్చిన '13' అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. ఈ కథలన్నిటిలో ఒక విషయం సమానం. వాళ్ళు లేనప్పుడు కూడా వాళ్ళ కుర్చీ వాళ్ళకోసం అలాగే ఉంది. పత్రికలు వాళ్ళని గుర్తుపెట్టుకున్నాయి, కంపెనీలు పాత రికార్డులు అమ్ముతూనే ఉన్నాయి, తండ్రులు కొడుకులకి ఆ పాటలు వినిపించారు. తిరిగి రావాలంటే, ముందు నువ్వు వెళ్ళిపోయిన సంగతి ఎవరో ఒకరు గమనించి ఉండాలి కదా!

మరి, వెళ్ళిపోయిన సంగతే ఎవరూ గమనించని వాళ్ళు తిరిగి వస్తే దాన్ని ఏమనాలి?

2018 మార్చిలో అమెరికాలో ఒక ఆల్బం విడుదలైంది. పేరు 'ఫ్యానీ వాక్డ్ ది ఎర్త్'. అంటే, ఫ్యానీ ఈ నేలమీద నడిచింది అని. చేసినవాళ్ళు ముగ్గురు స్త్రీలు: జూన్ మిల్లింగ్టన్ గిటారు, ఆమె చెల్లెలు జీన్ మిల్లింగ్టన్ బేస్ గిటారు, బ్రీ డార్లింగ్ డ్రమ్స్. ముగ్గురూ డెబ్భై ఏళ్ళ అంచున ఉన్నవాళ్ళు. ఒకప్పుడు నేలమీద నడిచి ఆనవాలు లేకుండా పోయిన రాక్షస బల్లుల గురించి మాట్లాడినట్టు తమ గురించి తామే మాట్లాడుకున్నారు. చూడటానికి హాస్యమే. కానీ మగవాళ్ళ బృందం ఏదైనా తన ఆల్బంకి ఇలాంటి పేరు పెట్టుకోవలసిన అవసరం వచ్చిందా? 'మేం ఉన్నాం' అని సాక్ష్యం చెప్పుకోవలసిన పని వాళ్ళకి ఎప్పుడూ పడలేదు.

మిల్లింగ్టన్ అక్కచెల్లెళ్ళు మనీలాలో పుట్టారు, జూన్ 1948లో, జీన్ 1949లో. తల్లి ఫిలిప్పీన్స్ స్త్రీ, తండ్రి అమెరికా నౌకాదళ అధికారి. 1961లో ఆ కుటుంబం కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకి వచ్చింది. అక్కడ ఈ పిల్లలు తెల్లవాళ్ళూ కారు, ఇంకొక గుంపులో ఇమిడేవాళ్ళూ కారు. బడిలో పలకరించేవాళ్ళు తక్కువ. ఫిలిప్పీన్స్‌లో ఉండగానే ఉకులేలే వాయించడం వచ్చు కాబట్టి పాటే వాళ్ళకి మాటయింది. హైస్కూల్లో ఉండగానే 'స్వెల్ట్స్' అనే అమ్మాయిల బృందం కట్టారు. అందులో డ్రమ్స్ వాయించిన బ్రీ కూడా ఫిలిప్పీన్స్ మూలాలున్న పిల్లే. రాక్ చరిత్రలో 'అమ్మాయిల బ్యాండు' అనే మాటకిందికి వీళ్ళని చేర్చేటప్పుడు ఈ సంగతి చాలాకాలం జారిపోయింది. ఆ బ్యాండుకి పునాది వేసింది వలస వచ్చిన, గోధుమరంగు చర్మమున్న ఆడపిల్లలు.

సైనిక స్థావరాల్లో, కాలేజీ నృత్యాల్లో వాయించి వాయించి చేయి తిరిగాక వాళ్ళకి దొరికిన మెప్పు ఎలాంటిది? 'ఆడపిల్లలైనా ఫర్వాలేదే!' జూన్ ఈ మాటని జీవితాంతం గుర్తుచేసుకుంటూనే ఉంది. రాసే స్త్రీలకి ఈ మెప్పు కొత్తదేమీ కాదు. అది మెచ్చుకున్నట్టే ఉంటుంది కానీ నిన్ను పక్కవరసలో కూర్చోబెడుతుంది.

1969లో లాస్ ఏంజిల్స్‌లోని ట్రూబడోర్ క్లబ్బులో వాళ్ళు వాయిస్తుండగా విన్నది ప్రొడ్యూసర్ రిచర్డ్ పెర్రీ దగ్గర పనిచేసే కార్యదర్శి. ఆయన ద్వారా వార్నర్ సంస్థకి చెందిన రిప్రైజ్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. అయితే పెర్రీకి బీటిల్స్‌లాగా నలుగురే కావాలి. దాంతో బ్రీని పక్కన పెట్టారు. మిగిలినది జూన్, జీన్, డ్రమ్స్ మీద ఆలిస్ డి బూర్, కీబోర్డు మీద నికీ బార్క్లే. 1970లో 'ఫ్యానీ' పేరుతో మొదటి ఆల్బం వచ్చింది. పెద్ద కంపెనీ ద్వారా పూర్తి నిడివి ఆల్బం తెచ్చిన మొట్టమొదటి స్త్రీల రాక్ బృందంగా సాధారణంగా దీన్నే చెబుతారు. ఆ తర్వాత 1971లో 'చారిటీ బాల్', 1972లో లండన్‌లోని ఆపిల్ స్టూడియోలో రికార్డు చేసిన 'ఫ్యానీ హిల్', 1973లో టాడ్ రండ్‌గ్రెన్ ప్రొడ్యూసర్‌గా 'మదర్స్ ప్రైడ్'. 'చారిటీ బాల్' పాట అమెరికా జాబితాలో 40వ స్థానానికి చేరింది. జెత్రో టల్, హంబుల్ పై లాంటి బృందాలతో పర్యటించారు. బార్‌బ్రా స్ట్రైసండ్ 1971 ఆల్బంలో వెనక వాద్యం వీళ్ళదే.

ఇంత జరిగినా, కంపెనీ అమ్మినది వాళ్ళ వాయిద్యాన్ని కాదు, వాళ్ళు ఆడవాళ్ళవడాన్ని. 'ఫ్యానీ' అన్నది స్త్రీ పేరే అయినా, అమెరికా వాడుకలో పిరుదులకి మారుపేరు కూడా. ఆ ద్వంద్వార్థాన్నే ప్రచారానికి వాడుకున్నారు. అమ్మకాలు ఆశించినంత లేకపోయేసరికి ఒళ్ళు కనిపించే దుస్తులు వేసుకోమనే ఒత్తిడి మొదలైంది. జూన్, ఆలిస్ స్త్రీలని ప్రేమించే స్త్రీలు. ఆ విషయం బయటికి చెప్పుకునే పరిస్థితి అప్పుడు లేదు. అంటే వేదికమీద ఒళ్ళు చూపించాలి, మనసు మాత్రం దాచిపెట్టాలి! 1973లో జూన్ పూర్తిగా అలసిపోయి బృందం వదిలేసింది. ఆలిస్ కూడా వెళ్ళిపోయింది. పాటీ క్వాట్రో గిటారుతో, తిరిగి పిలిపించిన బ్రీ డ్రమ్స్‌తో 1974లో 'రాక్ అండ్ రోల్ సర్వైవర్స్' అనే ఆఖరి ఆల్బం వచ్చింది. అందులోని 'బటర్ బాయ్' 1975లో 29వ స్థానానికి చేరింది. వాళ్ళ పాటల్లో అన్నిటికంటే పైకి వెళ్ళింది అదే. అది అక్కడికి చేరేసరికి బ్యాండు లేదు.

ఇక్కడినుంచి మొదలయ్యేదే అసలు చరిత్ర. చెరిపివేత అంటే ఎవరో కూర్చుని రబ్బరుతో తుడవడం కాదు. అదొక పద్ధతి ప్రకారం జరుగుతుంది. ఫ్యానీ విడిపోయిన 1975లోనే అదే లాస్ ఏంజిల్స్‌లో 'రనవేస్' మొదలైంది. ఎలక్ట్రిక్ గిటార్లు పట్టిన అమ్మాయిలు ఇప్పుడే కొత్తగా పుట్టుకొచ్చినట్టు పత్రికలు ఆశ్చర్యపోయాయి. 1981లో 'గో-గోస్' మొదటి ఆల్బం వచ్చి మరుసటి ఏడాది మొదటి స్థానానికి చేరినప్పుడూ ఆశ్చర్యమే. ఆ తర్వాత 'బ్యాంగిల్స్' వచ్చినప్పుడూ అంతే. ప్రతి తరం స్త్రీలూ 'మొదటివాళ్ళే'. గౌరవంలా కనిపించే ఈ మాట చేసే పని ఏమిటంటే, ప్రతిసారీ వెనకున్నవాళ్ళని లేకుండా చేయడం. మగవాడు గిటారు పడితే వాడికి గురువులు, పరంపర, ఎవరి బాణీ ఎవరికి వచ్చిందన్న చర్చలు ఉంటాయి. ఆడది పడితే అది వింత. వింతకి వంశవృక్షం ఉండదు.

ఈ చెరిపివేతలో స్త్రీల ఉద్యమం పాత్ర ఏమీ లేదా? ఈ ప్రశ్న వేసుకోకపోతే మన లెక్క పూర్తి కాదు. జూన్ డెబ్భైల మధ్యనుంచి క్రిస్ విలియమ్సన్ లాంటివాళ్ళతో కలిసి, స్త్రీలే స్త్రీలకోసం నిర్మించుకున్న సంగీతోద్యమంలో పనిచేసింది. కంపెనీలు లేని, ద్వంద్వార్థాలు లేని లోకం అది. అయితే ఆ లోకం ఎక్కువగా ఇష్టపడింది మెత్తని తీగల గిటారుని. చెవులు గింగురుమనే ఎలక్ట్రిక్ గిటారు మగవాడి దూకుడుకి గుర్తు అని అక్కడ కొందరి అభిప్రాయం. ఒకచోట 'ఆడపిల్లలైనా గట్టిగా వాయించారే' అన్నారు. ఇంకోచోట 'ఆడవాళ్ళయి ఉండి ఇంత గట్టిగానా' అన్నారు. కోపాన్ని, కామాన్ని, పెద్ద చప్పుడుని మగవాళ్ళ ఆస్తిగా రాసిచ్చేసిన తర్వాత మనకి మిగిలేది ఎంత? హార్డ్ రాక్ స్త్రీలకి పరాయిదన్న మాటని కొంతకాలం రెండు పక్షాలూ నమ్మాయి.

జూన్ చేసిన పని ఈ రెండు మాటలకీ జవాబు. తన సహచరి ఆన్ హాక్లర్‌తో కలిసి ఎనభైలలో 'ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది మ్యూజికల్ ఆర్ట్స్' అనే సంస్థ పెట్టింది. తర్వాతి కాలంలో మాసచూసెట్స్‌లోని గోషెన్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడిన ఆ సంస్థ ఆడపిల్లలకి రాక్ సంగీత శిబిరాలు నడిపింది. ఆంప్లిఫయర్ ఎలా కలపాలి, డ్రమ్స్ ఎలా బిగించాలి, పాట ఎలా కట్టాలి అన్నవి పదేళ్ళు దాటిన పిల్లలు అక్కడ నేర్చుకున్నారు. తనకి చరిత్రలో చోటు దొరకనప్పుడు ఆమె చరిత్రనే ఒక బడిగా కట్టింది.

ఈలోపు 1999లో డేవిడ్ బౌవీ 'రోలింగ్ స్టోన్' పత్రికతో మాట్లాడుతూ ఫ్యానీని తలుచుకున్నాడు. గొప్ప రాక్ బృందాల్లో ఒకటైన దాన్ని అన్యాయంగా మర్చిపోయారన్నాడు. ఆ తర్వాత ఫ్యానీ గురించి రాసిన ప్రతివాళ్ళూ ఆ మాటనే ఉదహరించారు. బౌవీ అభిమానంలో కల్తీ లేదు. అతని 'ఫేమ్' పాటలో వెనక గొంతుల్లో జీన్ గొంతు ఉంది. అయినా ఐదు ఆల్బంలు చేసిన స్త్రీలు ఉన్నారని నమ్మడానికి ఒక మగ తార సంతకం కావలసివచ్చింది. 2002లో వాళ్ళ రిప్రైజ్ రికార్డింగులన్నీ నాలుగు సీడీల పెట్టెగా వచ్చాయి. 2007లో జూన్, జీన్, ఆలిస్ బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో సత్కారం అందుకుని కలిసి వాయించారు. 1971లో జర్మన్ టెలివిజన్‌లో వాయించిన దృశ్యాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాక, అప్పటికి పుట్టని పిల్లలు కూడా వాళ్ళని చూశారు. అక్కడ ఎవరి సిఫార్సూ అక్కరలేదు. జూన్ చేతివేళ్ళు కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి.

2018 ఆల్బంని ఈ దారిలో పెట్టి చూడాలి. బ్లూ ఎలాన్ అనే చిన్న కంపెనీ దాన్ని విడుదల చేసింది. 1970లో నలుగురే చాలు అని పక్కన పెట్టిన బ్రీ ఈసారి మధ్యలో ఉంది. 'గర్ల్స్ ఆన్ ది రోడ్' అనే పాటలో ఊరూరూ తిరుగుతూ వాయించిన ఆడపిల్లల రోజులున్నాయి. పాత సభ్యులు ఆలిస్, పాటీ కూడా వచ్చి కలిశారు. అతిథుల పేర్లు చూడండి: రనవేస్ గాయని చెరీ కరీ, గో-గోస్‌లో బేస్ వాయించిన కాథీ వాలెంటైన్, బ్యాంగిల్స్ నుంచి సుజానా హాఫ్స్, విక్కీ పీటర్సన్. ఎవరికివాళ్ళు 'మొదటివాళ్ళు'గా విడివిడిగా నిలబెట్టబడిన స్త్రీలందరూ ఒకే రికార్డు మీదికి వచ్చారు. ఆ ఆల్బంలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. చరిత్రకారులు గీయని వంశవృక్షాన్ని వాళ్ళే పాడి వినిపించారు.

ఇది సుఖాంతమేమీ కాదు. ఆల్బం వస్తున్న రోజుల్లోనే జీన్‌కి పక్షవాతం వచ్చింది. బేస్ వాయించే చేయి మాట వినలేదు. అనుకున్న పర్యటన ఆగిపోయింది. అమ్మకాల లెక్కల్లో ఆ ఆల్బం విజయమూ కాదు. మగవాళ్ళ పునరాగమనాలకి దొరికిన స్టేడియంలు, మొదటి స్థానాలు వీళ్ళకి దొరకలేదు. నలభై మూడేళ్ళు ఆలస్యమైన న్యాయాన్ని శరీరం అంతకాలం ఆగి అందుకోలేదు. మర్చిపోవడం వల్ల జరిగే నష్టం మాటలతో పూడేది కాదని అందుకే అంటున్నాను. ఆలస్యంగా గుర్తించాం కదా, ఇక లెక్క సరిపోయింది అనుకోవడానికి లేదు.

2021లో బాబీ జో హార్ట్ తీసిన 'ఫ్యానీ: ది రైట్ టు రాక్' అనే డాక్యుమెంటరీలో ఈ కథంతా తెరమీదికి వచ్చింది. అందులో వాళ్ళ తెల్లజుట్టూ ముడతలూ ఏమీ దాచుకోలేదు. ఒకప్పుడు దాచిపెట్టిన ప్రేమలని కూడా పేరు పెట్టి చెప్పుకున్నారు. ముసలితనం మగ రాక్ గాయకుడికి హోదా తెస్తుంది, స్త్రీని మాత్రం అదృశ్యం చేస్తుంది. ఆ వయసులో గిటారు తగిలించుకుని గట్టిగా వాయించడం అందుకే చిన్న విషయం కాదు.

ఇకముందు ఎక్కడైనా 'మొట్టమొదటి స్త్రీ' అన్న మాట కనిపించినప్పుడు మనం ఒక్క క్షణం ఆగి, ఆమె వెనక ఎవరున్నారని అడగాలి. అడగకుండా చప్పట్లు కొడితే, మనం కూడా ఎవరి అడుగులనో చెరిపేస్తున్నట్టే.