పత్రికల విలువకు కొలత: మానవశాస్త్రం నేర్పిన పాఠం

కృష్ణా డెల్టాలో ధాన్యం కొలిచే తీరు అందరూ ఎరిగినదే. పూర్వం కుంచాలు, పుట్లు. నేడు బస్తాలు, క్వింటాళ్లు. కాని బస్తాలెన్నో చెప్పే సంఖ్య ఆ బస్తాలలో తాలు ఎంత ఉన్నదో చెప్పదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు గింజలు చేతిలోకి తీసుకొని చూడవలసిందే. శాస్త్ర పత్రికల సంగతి కూడా ఇట్టిదే. నేడు పత్రిక విలువను ఒక సంఖ్యతో చెప్పడం వాడుకలోకి వచ్చినది. ఆ సంఖ్య ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు? దీనికి మానవశాస్త్ర చరిత్రలో చక్కని సమాధానం దొరుకుతుంది. ఒకప్పుడు మనుషులనే ఒక్క సంఖ్యతో కొలవబోయి, ఆ పొరపాటును తరువాత దిద్దుకొన్న శాస్త్రం అది.

ముక్కు కొలతల కాలం

ఎడ్గార్ థర్స్టన్ 1885 నుండి 1908 వరకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్నారు. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. ఆయన కొలత పరికరాలతో దక్షిణ దేశంలో పర్యటించి అనేక కులాల, తెగల వారి తలలను, ముక్కులను కొలిచారు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి 100తో హెచ్చిస్తే వచ్చేదే నాసికా సూచిక. వెడల్పు 36 మిల్లీమీటర్లు, పొడవు 50 మిల్లీమీటర్లు అయితే సూచిక 72 అవుతుంది. ఈ ఫలితాలు మ్యూజియం బులెటిన్లలో వెలువడినవి. కె. రంగాచారి సహాయంతో ఆయన కూర్చిన ఏడు సంపుటాల గ్రంథం 1909లో వచ్చినది. కొలిచినవారు, రాసినవారు, అచ్చు వేయించినవారు దాదాపు ఒక్కరే.

బెంగాలులో హెర్బర్ట్ రిస్లే మరొక అడుగు ముందుకు వేశారు. ముక్కు ఎంత సన్ననిదైతే కులం హోదా అంత పైన ఉంటుందని 1891 ప్రాంతంలో సూత్రీకరించారు. ఒక సంఖ్య చేతికి వచ్చేసరికి దానితో మనుషులకు మెట్లు కట్టారన్నమాట.

లెక్కను మళ్లీ లెక్కించినవారు

ఈ సూత్రం నిలవలేదు. 1932లో జి. ఎస్. ఘుర్యే రిస్లే ఇచ్చిన అంకెలనే తీసుకొని, ఉత్తర భారతంలోని ఒక ప్రాంతం దాటితే ముక్కుకూ కుల హోదాకూ అట్టి పొంతన లేదని చూపారు. 1933లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తాలో ‘సాంఖ్య’ పత్రికను స్థాపించారు. దాని మొదటి సంపుటంలోనే రిస్లే బెంగాలు కొలతలను తిరిగి పరిశీలించి, లెక్కలలోని తప్పులను సవరించారు. అచ్చయిన అంకెను కూడా మరల పరీక్షించవచ్చునని ఆ పని చాటినది. జనసమూహాల మధ్య పోలికను ఒక్క ముక్కుతో కాక అనేక కొలతలను కలిపి అంచనా వేసే గణిత పద్ధతిని ఆయన 1936లో ప్రకటించారు.

ఈ కృషిలో ఒక తెలుగు గణితశాస్త్రజ్ఞుని పాత్ర ఘనమైనది. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో జన్మించారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకొన్నారు. వీటిలో నూజివీడు, నందిగామ నాటి కృష్ణా జిల్లాలోనివి. నందిగామ నేడు విజయవాడ కేంద్రంగా గల ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి ఆయన కలకత్తా చేరారు. మానవశాస్త్రజ్ఞుడు డి. ఎన్. మజుందార్ 1941లో సంయుక్త రాష్ట్రాలలో సేకరించిన కొలతలను మహలనోబిస్, రావు గణించారు. ముగ్గురి పేర ఆ వ్యాసం 1949లో ‘సాంఖ్య’లో రెండు వందలకు పైగా పేజీలలో వచ్చినది. పరికరం పట్టినవారు ఒకరు, లెక్క సరిచూచినవారు వేరొకరు. థర్స్టన్ నాటికీ ఆనాటికీ గల భేదం ఇదే.

పత్రికకు వచ్చిన సూచిక

ఇప్పుడు మనుషుల కొలత నుండి పత్రికల కొలతకు వద్దాం. ఒక వ్యాసాన్ని తరువాతివారు ఎక్కడెక్కడ ఉదహరించారో పట్టిక వేయాలని అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించారు. ఆ పట్టిక 1964లో గ్రంథరూపం ధరించినది. దాని నుండి పుట్టినదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అనగా ప్రభావాంకం. 1975 నుండి పత్రికల ప్రభావాంకాలను ఏటేటా ప్రకటిస్తున్నారు.

లెక్క సులువైనదే. ఒక పత్రిక గత రెండేళ్లలో 40 వ్యాసాలు ప్రచురించినదనుకొందాం. ఈ ఏడు ఇతర వ్యాసాలలో వాటి ప్రస్తావనలు 60 వచ్చినవి. 60ని 40తో భాగిస్తే 1.5. ఇదే ప్రభావాంకం. అయితే ఆ 60లో 50 ఒక్క వ్యాసానికే వచ్చి ఉండవచ్చు. మిగిలిన 39 వ్యాసాలకు కలిపి వచ్చినవి 10 మాత్రమే. అయినా 1.5 అన్న గౌరవం అన్నిటికీ సమానంగా అంటుతుంది. సగటు చూచి తరగతిలోని ప్రతి విద్యార్థికీ అవే మార్కులు వేస్తే ఎట్లా ఉంటుందో ఇదీ అట్లే.

మానవశాస్త్రానికి మరొక చిక్కు ఉన్నది. ఈ శాస్త్రంలో పని నెమ్మదిగా సాగుతుంది. గ్రామంలో ఏడాది నివసించి, తరువాత పుస్తకం రాస్తారు. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను గురించి ఎస్. సి. దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడినది. దశాబ్దాలు గడచినా పరిశోధకులు దానిని ఉదహరిస్తూనే వచ్చారు. రెండేళ్ల కొలబద్దకు ఇట్టి విలువ అందదు.

సంపాదకుని బాధ్యత

సంఖ్య చెప్పలేనిదానిని చూడవలసినవారు సంపాదకులు. శరత్‌చంద్ర రాయ్ 1921లో రాంచీలో ‘మాన్ ఇన్ ఇండియా’ను స్థాపించారు. మజుందార్ 1947లో లక్నోలో ‘ఈస్టర్న్ ఆంత్రొపాలజిస్ట్’ను ప్రారంభించారు. నాడు ప్రభావాంకం లేదు. సంపాదకుని పాండిత్యమే పూచీ. తరువాత ఆ భారాన్ని పలువురు పంచుకొన్నారు. సోల్ టాక్స్ 1959లో స్థాపించిన ‘కరెంట్ ఆంత్రొపాలజీ’ ముఖ్య వ్యాసంతో పాటు ఇతర పండితుల విమర్శలను, వాటికి రచయిత సమాధానాన్ని కూడా ప్రచురించే పద్ధతి పెట్టినది.

నేడు సాధారణంగా వ్యాసాన్ని రచయిత పేరు తెలియనీయకుండా ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. సమాచారం ఎట్లా సేకరించారు, ఆ ప్రజల అనుమతి పొందారా, వారికి హాని కలిగించే మాట ఏదైనా ఉన్నదా అని వారు చూస్తారు. చివరి నిర్ణయం సంపాదకునిది.

తనిఖీ లేని సంఖ్య

ఈ తనిఖీ లోపిస్తే ఏమగునో తెలుపు ఉదాహరణ తెలుగు నేలమీదనే ఉన్నది. హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసినది. నిపుణుల పరిశీలన గురించి, సంపాదకుల పేర్ల గురించి, ప్రభావాంకాల గురించి తప్పుడు ప్రకటనలు చేసి రచయితల నుండి రుసుము వసూలు చేశారన్నది ఆరోపణ. నెవాడాలోని ఫెడరల్ న్యాయస్థానం 2019లో దానిని అంగీకరించి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలెనని తీర్పు ఇచ్చినది.

మన విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ 2018లో తన ఆమోదిత జాబితా నుండి 4,305 పత్రికలను తొలగించినది. ఆ తరువాత ‘కేర్’ అనే కొత్త జాబితా పెట్టి, 2025లో దానినీ విరమించినది. పత్రికను ఎన్నుకొనే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థల మీద, చదివేవారి మీద పడినది.

కావున పత్రికను చేతికి తీసుకొన్నపుడు ముందుగా అడగవలసినది అంకెను గురించి కాదు. సంపాదకులెవరు? వారు నిజంగా ఆ పనిలో ఉన్నారా? వ్యాసాన్ని ఎవరు పరీక్షించారు? తప్పు బయటపడితే సవరణ ప్రచురిస్తారా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే ప్రభావాంకం వంక చూడవచ్చు.

పాతికేళ్ల ప్రాయంలో సి. ఆర్. రావు రాసిన ఒక వ్యాసం 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో వచ్చినది. అప్పటికి ప్రభావాంకం అన్న ఊహే లేదు. గణాంకశాస్త్రంలో క్రామర్-రావు అసమానతగా పేరొందిన ఫలితం అందులోనిదే. ఆ వ్యాసానికే 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించినది. పత్రికను చూచి ఇచ్చిన బహుమతి కాదది. వ్యాసాన్ని చదివి ఇచ్చినది.