తుంగ కలుపు: మందు ఎక్కడ పడాలి?

హైదరాబాద్ పాతబస్తీలోని మీరాలం మండీ వంటి మార్కెట్లకు ఆకుకూరలు పంపే రైతులకు, శివార్లలో మొక్కజొన్న వేసే రైతులకు తుంగ పెద్ద సమస్య. మందు కొట్టినా మళ్లీ మొలుస్తుంటే, మందు సరైన చోట పడిందా అని ముందుగా చూసుకోవాలి.

తుంగ ఎందుకు చావదు?

తుంగ ముఖ్యంగా భూమిలోని గడ్డల ద్వారా వ్యాపిస్తుంది. ఎక్కువ గడ్డలు పై 15 సెం.మీ. మట్టిలో గొలుసులా ఉంటాయి. గుంటక తోలితే గొలుసు తెగి, విడిపోయిన గడ్డలు విడివిడిగా మొలుస్తాయి.

నేల మీద పడితే

విత్తిన వెంటనే పిచికారీ చేసే పెండిమిథాలిన్ పై పొరలో ఉండి చిన్న గింజల మొలకలను ఆపుతుంది. గడ్డలో నిల్వ ఆహారం ఉన్నందున తుంగ ఆ పొరను చీల్చుకొని వస్తుంది. క్విజాలోఫాప్ గడ్డిజాతి కలుపుకే పనిచేస్తుంది. మూడు పలకల కాడ ఉన్న తుంగ గడ్డిజాతి కాదు.

ఆకు మీద పడితే

మొక్కజొన్న, చెరకులో హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75% ఎకరాకు 36 గ్రాములు వాడాలి. మందు ఆకుల నుంచి గడ్డలోకి దిగాలి. అందుకే:

- తుంగ 3-5 ఆకుల దశలో, నేలలో తేమ ఉన్నప్పుడు కొట్టాలి.
- 36 గ్రాములను లీటరు నీటిలో కలిపి, 16 లీటర్ల ట్యాంకుకు 100 మి.లీ. చొప్పున 10 ట్యాంకులకు వాడాలి. పోసే ప్రతిసారీ ద్రావణాన్ని కలియబెట్టాలి.
- ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌తో, వరుసల మధ్య పంట ఆకుల కిందుగా తుంగ ఆకులు తడిసేలా కొట్టాలి.
- వాన వచ్చేలా ఉంటే కొట్టవద్దు.
- తుంగ నెమ్మదిగా పసుపుబారుతుంది. కనీసం రెండు వారాలు పీకవద్దు, గుంటక తోలవద్దు. తోలితే మందు గడ్డకు చేరకముందే ఆకు తెగిపోతుంది.

ఆకుకూర మడుల్లో

పాలకూర, తోటకూర, మెంతికూర మడుల్లో ఈ మందు కొట్టవద్దు, పంట దెబ్బతింటుంది. మందు నేలలో కొంతకాలం మిగులుతుంది కాబట్టి, మొక్కజొన్న తీసిన మడిలో వెంటనే ఆకుకూరలు విత్తవద్దు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా మాత్రమే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆదేశించింది.

మడి ఖాళీగా ఉన్నప్పుడు తడిపెట్టి తుంగను మొలవనివ్వాలి. మొలిచిన మూడు వారాలలోపు, కొత్త గడ్డలు కట్టకముందే, గడ్డతో సహా తవ్వి తీయాలి. రెండు మూడు విడతలు ఇలా చేశాకే విత్తాలి. వేసవిలో లోతు దుక్కి చేసి పైకి వచ్చిన గడ్డలను ఏరి, మిగిలినవి ఎండలో పూర్తిగా ఎండేవరకు తడి ఇవ్వవద్దు. ఏరిన గడ్డలను పెంటకుప్పలో వేయవద్దు, ఎరువుతో మళ్లీ పొలానికే చేరుతాయి.

మందు కొనేటప్పుడు లేబుల్‌పై మీ పంట పేరు ఉందో లేదో చూసుకోండి, బిల్లు తీసుకోండి. సందేహం ఉంటే మండల వ్యవసాయ అధికారిని అడగండి.