పిల్లల కుంచెలు, ఆరువందల ఏళ్ల నాటి చిట్కా

కుంచె గట్టిగా ఉంటే మెత్తబరచడం ఎలా అన్నది ఇవాళ్టి అమ్మల ప్రశ్న అనుకుంటాం కదా. ఇటలీలో చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు 1400 ప్రాంతంలోనే దీనికి జవాబు రాసిపెట్టాడు. తెల్ల పంది వెంట్రుకలు ఒక పౌను తీసుకుని, కర్రకు గట్టిగా కట్టి పెద్ద కుంచె చెయ్యమంటాడు. ముందు దాంతో గోడలకు సున్నం వెయ్యాలట. వెయ్యగా వెయ్యగా వెంట్రుకలు బాగా మెత్తబడ్డాక కట్టు విప్పి, వాటితోనే బొమ్మలు వేసే చిన్న కుంచెలు కట్టుకోవాలి. సంక్రాంతికి ఇంటికి సున్నం వేసిన వాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. మొదటి గోడ మీద గరగరలాడిన కుంచె మూడో గోడకల్లా మన మాట వింటుంది.

సన్నపనికి మాత్రం ఆయన ఉడుత తోక వెంట్రుకలే వాడమన్నాడు. వాటిని పక్షి ఈక కాడలో దూర్చి బిగించేవారు. తోకలు పురుగు పట్టకుండా మట్టి గానీ సుద్ద గానీ మెత్తి వేలాడదియ్యమనీ, కావలసినప్పుడు మంచినీళ్లలో కడుక్కోమనీ చెప్పాడు. కందులకి ఎర్రమట్టి పట్టించి దాచుకున్న మన అమ్మమ్మలు ఇది వింటే నవ్వుకునేవారు.

మన శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్ల దారి వేరు. వెదురు పుల్ల మొన చెక్కి, పైన గుడ్డో ఉన్నో చుట్టి దారంతో కడతారు. అది రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనలోంచి దిగుతుంది.

ఈక కాడ పోయి రేకు గొట్టం వచ్చింది 19వ శతాబ్దంలో. రేకుని నొక్కి చదును చెయ్యొచ్చు కాబట్టి బల్లపరుపు కుంచెలు పుట్టాయి. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వాళ్లు నైలాన్ కనిపెట్టారు. 1938లో అది పళ్లు తోముకునే బ్రష్‌లోకి వచ్చింది, ఆ తర్వాత రంగుల కుంచెల్లోకీ వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, కుంచె దేనితో చేశారో తెలిస్తేనే దాన్ని ఎలా చూసుకోవాలో తెలుస్తుంది. జంతువు వెంట్రుకా మన జుట్టూ ఒకే పదార్థం. అందుకే బిరుసెక్కిన కుంచెకి గోరువెచ్చని నీళ్లు, కాస్త షాంపూ, చివర్లో కండిషనర్ చాలు. మరిగే నీళ్లు వద్దు. నైలాన్‌కి కండిషనర్ రాసినా దండగే. అది వంకర పోతే వేడినీళ్లలో మొన ఒక్క క్షణం ముంచి, వేళ్లతో సాపు చేస్తే చాలావరకు తిన్నగా అవుతుంది. ఏదైనా సరే, గ్లాసులో తలకిందులుగా నానబెట్టి వదిలేస్తే నీళ్లు రేకులోకి ఎక్కి జిగురు ఊడుతుంది. కడిగి, మొన సవరించి, పడుకోబెట్టి ఆరబెట్టాలి. అక్రిలిక్ రంగు ఎండితే ప్లాస్టిక్కే, ఇక నీళ్లకి రాదు. స్పిరిట్‌లో గానీ ఇంట్లో మిగిలిన శానిటైజర్‌లో గానీ కాసేపు నానబెట్టి, సబ్బుతో కడిగి చూడండి.

నేను మా అమ్మాయికి నైలానే కొంటాను. మన దేశంలో మెత్తని మంచి కుంచె అంటే చాలాకాలం ముంగిస వెంట్రుకలదే. ముంగిసని చంపకుండా అన్ని వెంట్రుకలు రావు. 1972 నాటి వన్యప్రాణుల రక్షణ చట్టం కింద ఇప్పుడు ఆ వ్యాపారం నేరం. అయినా ఆగలేదు. 2019లో ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో అధికారులు చాలా రాష్ట్రాల్లో దాడులు చేసి వేలకొద్దీ కుంచెలు పట్టుకున్నారు. పేర్లని కూడా నమ్మలేం. ‘ఒంటె వెంట్రుకలు’ అని అమ్మేవాటిలో ఒంటెది ఉండదు, ఉడుతదో మేకదో గుర్రానిదో ఉంటుంది.

ముంగిస వెంట్రుకని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే పోగు మీద ముదురు రంగు, లేత రంగు పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. కొనేముందు కుంచెని వెలుతురులో పెట్టి చూడండి.