టాంకి మొదలు ఇంజను వఱకు

పాత డీజిల్ లారీని గూర్చి వ్రాసినవారు దాని ఇంజను బలమును, గేర్ల సంఖ్యను, అది మోయగల బరువును విస్తరించి వర్ణించిరే గాని, టాంకిలోని డీజిలును ఇంజను వద్దకు చేర్చెడి చిన్న పంపును గూర్చి ఒక్క పుటయైనను వ్రాసినవారు అరుదు. అది అల్పవిషయమని నేననుకొనను. డీజిల్ ఇంజనునకు బిగించిన భాగములలో మిక్కిలి ఖరీదైనది ఇంజెక్షను పంపు. దానికి డీజిలే ఆహారము, డీజిలే కందెన, పెక్కు రకములకు డీజిలే చల్లదనము. ఆ డీజిలు ఎడతెగక, గాలి కలియక, తగిన ఒత్తిడితో అందినంత కాలమే దానికి ఆయువు. అమెరికాలో పాత డీజిల్ లారీలకు విద్యుత్ పంపును అమర్చుకొను ఆచారము ప్రబలుటకు మూలము ఈ సత్యమే యని నా నిశ్చయము.

1897 ఫిబ్రవరిలో జర్మనీ దేశమున ఆగ్స్‌బర్గు నగరపు కర్మాగారమునందు రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన యంత్రమును మోరిట్జ్ ష్రోటర్ అను ఆచార్యుడు పరీక్షించి, ఇంధనమునందలి శక్తిలో నూటికి 26 పాళ్లు పనిగా పరిణమించుచున్నదని తేల్చినప్పుడు, ఆనాటి ఆవిరి యంత్రములు దాని ముందు వెలవెలపోయినవి. కాని ఆ యంత్రము రోడ్డెక్కుటకు ఇంచుమించు మూడు దశాబ్దములు పట్టెను. సిలిండరులోనికి ఇంధనమును చిమ్ముటకు రుడాల్ఫ్ డీజిల్ వాడినది మిక్కిలి ఒత్తిడితో బిగించిన గాలి. ఆ గాలిని బిగించుటకు వేరుగ ఒక కంప్రెసరు కావలెను. ఆ కంప్రెసరు బరువును ఓడలును ఫ్యాక్టరీలును భరింపగలవు గాని లారీ భరింపజాలదు. 1924లో జర్మనులు గాలి సాయము లేని డీజిల్ లారీలను ప్రదర్శించిరి గాని, స్టట్‌గార్టులోని రాబర్ట్ బాష్ సంస్థ 1922లో ఈ పనికి పూనుకొని, 1927 చివర ఇంజెక్షను పంపును పెద్దయెత్తున తయారుచేయ నారంభించిన పిమ్మటనే డీజిల్ లారీకి దారి నిజముగ సుగమమయ్యెను. ఆ పంపులో ప్లంజరునకును దాని బ్యారెలునకును నడుమ గల సందు మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. ఆ సందులో నిలిచి, ఇనుము ఇనుమును రాచుకొననీయక కాపాడునది డీజిలే.

ఇంత సూక్ష్మమైన పంపునకు దూరమందున్న టాంకి నుండి ఇంధనమును లాగుకొను శక్తి చాలదు గనుక, దానికొక సహాయకుడు కావలసి వచ్చెను. బాష్ పద్ధతిలో ఆ సహాయకుడు ఇంజెక్షను పంపు ప్రక్కనే బిగించిన పిస్టను ఫీడు పంపు. ఇంజెక్షను పంపు లోపలి క్యాము త్రిప్పుచుండగా అది పనిచేయును. మన దేశమున 1951లో బెంగళూరునందు మైకో సంస్థ స్థాపితమై బాష్ విధానపు పంపులు చేయుటకును, 1954లో జంషెడ్‌పూరునందు డైమ్లర్-బెంజ్ సహకారముతో టాటావారి లారీలు వెలువడుటకును ఆరంభమైన నాటి నుండి, తెలుగు డ్రైవర్లకు ఈ ఫీడు పంపుతో చేతి పరిచయము ఏర్పడెను. టాంకి ఎండి లారీ నడిదారిలో నిలిచిపోయినప్పుడు మరల డీజిలు పోసినంత మాత్రమున ఇంజను లేవదు. గొట్టములలో ఎయిరు పట్టియుండును. క్లీనరు ఫిల్టరు తలపై నున్న స్క్రూను స్పానరుతో వదులు చేయును. డ్రైవరు ఫీడు పంపుపై నున్న ప్రైమరు పిడిని అరచేతితో ఎత్తి నొక్కుచుండును. మొదట నురుగు, పిదప బుడగలు, తుదకు బుడగ యన్నది లేని పలుచని ధార. ఆ ధార కనబడగనే స్క్రూ బిగించవలెను, క్షణమాలసించినను మరల మొదటికి వచ్చును. బెజవాడ ఆటోనగరులోని పంపు, నాజిలు షాపులలో పనిచేయువారికి ఈ విద్య అక్షరాభ్యాసము వంటిది. తీగెయు, ఫ్యూజును, బ్యాటరీయు అక్కఱలేని ఈ పంపు మన రోడ్లపై దశాబ్దముల తరబడి నమ్మకముగ పనిచేసినందున, విద్యుత్ పంపు ఆవశ్యకత మనవారికి అంతగ తోచలేదు.

అమెరికాలో కథ వేఱుగ నడచెను. అచ్చట వెర్నన్ రూసా అను ఇంజనీరు కల్పించిన రోటరీ పంపు 1952లో ఉత్పత్తికి వచ్చెను; బాష్ వారి వరుస పంపు కంటె చిన్నది, చవుకది. ఫోర్డు సంస్థ 1983 మోడలు లారీలలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి 6.9 లీటర్ల వి-8 డీజిల్ ఇంజనును, 1988 మొదలు 7.3 లీటర్ల ఇంజనును అమర్చినప్పుడు వాటికి ఈ జాతి పంపునే వాడెను. టాంకి నుండి దానికి డీజిలు అందించునది ఇంజను ముందు భాగమున బిగించిన డయాఫ్రమ్ పంపు. రబ్బరు పొర ముదిరి చిరిగినచో డీజిలు వెలికి కారుట ఒక రకము. లోనికి కారి ఇంజను ఆయిలులో కలియుట ఇంకొక రకము. రెండవదే ఘోరమైనది. ఆయిలు పోయకుండగనే డిప్‌స్టిక్కుపై మట్టము పెరుగుచున్నదన్నచో, దానిని ముక్కు దగ్గఱ పెట్టి చూచిన డీజిలు వాసన కొట్టుచున్నదన్నచో, ఆ ఇంజను బేరింగులకు గండము సమీపించినదని గ్రహింపవలెను. ఇందువలన పెక్కుమంది యజమానులు ఆ పంపును ఊడదీసి, రంధ్రముపై ఒక ఇనుప పలకను బిగించి, ఛాసిసు పట్టెపై విద్యుత్ పంపును అమర్చుకొనసాగిరి.

అయినను ఈ ఆచారమునకు ఉద్యమస్వరూపము తెచ్చినది డాడ్జి లారీలలోని కమ్మిన్స్ ఇంజను. 1989 మోడలున వచ్చిన 5.9 లీటర్ల ఆఱు సిలిండర్ల ఇంజనునకు బాష్ రోటరీ పంపును, 1994 మోడలు నుండి బలిష్ఠమైన వరుస పంపును అమర్చిరి. రెండింటికిని ఇంధన మందించునది ఇంజను క్యాముపై నడచు యాంత్రిక పంపే. 1998 నడుమ ఉద్గార నిబంధనల కనుగుణముగ ఇరువది నాలుగు వాల్వుల ఇంజను వచ్చినప్పుడు, ఎలక్ట్రానిక్ నియంత్రణ గల వి.పి.44 అను రోటరీ పంపు దానితోపాటు వచ్చెను. యాంత్రిక పంపు స్థానమున కర్మాగారమువారే విద్యుత్ పంపును పెట్టిరి. కాని దానిని పెట్టిన చోటు ఇంజను ప్రక్కన. విద్యుత్ పంపునకు నెట్టుట సులభము, లాగుట కష్టము. అది ఉండవలసిన తావు టాంకి చెంత. అట్లుగాక, ఇంజను వేడిమిని, కంపమును భరించుచు, వెనుక ఎంతో దూరమున నున్న టాంకి నుండి డీజిలును పీల్చుచు, అది క్రమముగ బలహీనమయ్యెను. యజమానికి అది తెలియదు. లారీ నడచుచునే యుండును. ఒత్తిడి పడిపోయిన పంపు వెనుక వి.పి.44 చల్లదనము లేక, కందెన లేక లోలోపల అరిగి, ఒకనాడు హఠాత్తుగ నిలిచిపోవును. దాని వెల వేయి డాలర్లకు పైమాటే. ఒత్తిడి చదరపంగుళమునకు 10 పౌండ్లకు తగ్గరాదను సూత్రమును మెకానిక్కులు ఈ నష్టముల నుండియే నేర్చిరి. కొలత యంత్రమును క్యాబినులో కంటికెదురుగ బిగించుకొనుటయు, పంపును ఛాసిసుపైకి, టాంకి దరికి మార్చుటయు అప్పటి నుండి వాడుకయయ్యెను. తరువాతి మోడళ్లలో తయారీదారులే పంపును టాంకిలోనికి మార్చుట చూడగా, తమ లారీలను తామే బాగుచేసికొన్న ఆ సామాన్యులు చెప్పినదే సరియైనదని ఒప్పుకొనక తప్పదు.

దీనికి తోడు ఇంధనమే మాఱెను. అమెరికాలో 1993లో రోడ్డు డీజిలులోని గంధకమును పదిలక్షల పాళ్లకు 500 పాళ్లకును, 2006 మొదలు 15 పాళ్లకును తగ్గించిరి. మన దేశమునందు 2020 ఏప్రిలు నుండి అది 10 పాళ్లు. గాలికి ఇది మేలే, సందేహము లేదు. కాని గంధకమును తీసివేయు శుద్ధిలో డీజిలునకు సహజముగ నున్న జిడ్డుగుణము కూడ కొంత పోవును గనుక, కందెన గుణమునిచ్చు ద్రవ్యములను శుద్ధి కర్మాగారములు మరల కలుపవలసి వచ్చుచున్నది. పూర్వపు డీజిలును నమ్ముకొని పుట్టిన పాత పంపులకు ఇంధనపు కొఱత ఇపుడు మునుపటికంటె ప్రమాదకరము.

పాత లారీకి విద్యుత్ పంపును అమర్చుకొన తలపెట్టిన వారికి రెండు మాటలు చెప్పవలసియున్నది. పెట్రోలు కార్లలో ఇంజెక్షను కొఱకు చేసిన 40, 50 పౌండ్ల ఒత్తిడి గల పంపును చవుకగ దొరకినదని పాత రోటరీ పంపునకు తగిలించినచో, దాని షాఫ్టు సీలు విడిపోయి డీజిలు మరల ఇంజను ఆయిలులోనికే చేరును. ఏ ఇంజనునకు ఎంత ఒత్తిడి విధించిరో అంతయే ఇచ్చు పంపును ఎన్నుకొనవలెను. ఇక రెండవది ప్రాణములకు సంబంధించినది. యాంత్రిక పంపు ఇంజను ఆగిన తక్షణమే ఆగును. విద్యుత్ పంపునకు ఆ జ్ఞానము లేదు, తాళము తెఱచియున్నంత వఱకు, లారీ తలక్రిందులై గొట్టము తెగియున్నను, అది డీజిలును క్రుమ్మరించుచునే యుండును. కావున పంపునకు పోవు కరెంటును రిలే ద్వారమున ఇంజను ఆయిలు ఒత్తిడి స్విచ్చుతో ముడిపెట్టి, స్టార్టు చేయు కొద్ది క్షణములకు మాత్రము స్టార్టరు తీగె నుండి కరెంటు అందునట్లు చేసికొనుడు. ఆ స్విచ్చు లేకుండ పంపు బిగించిన లారీని రోడ్డుపైకి తీసికొనిపోకుడు.